సమస్యాపూరణం: చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం.

చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

సందర్భం కూడా ఇస్తున్నాను. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ యుద్ధభూమికి ఒక కుటుంబం పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే యాత్ర. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తర, దక్షిణ సేనల మధ్య 1863 జూలై 1 నుంచి 3 దాకా అక్కడ యుద్ధం జరిగింది. చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, చిక్కినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి సుమారు 51,000 మంది. సీజనులో నాటి దుస్తులు వేసుకున్నవాళ్ళు డేరాలు వేసి, తుపాకులూ ఫిరంగులూ పేల్చి చూపిస్తారు. పద్యంలో ఆ ప్రదర్శన వాసన తగలాలి. ఛందస్సుతో పాటు విషయాన్నీ తూకం వేస్తాం. "కలలో చచ్చెను, మేలుకొని తినెను" అనే పూరణలు మాత్రం దయచేసి వద్దు.

గంటం:
ఎదుటి వరుస తుపాకుల నెక్కు పెట్టి
తెల్ల పొగ మబ్బు మూయగఁ దిరిగి పేల్చ
నేలఁ గూలెను; వేడుక నిలువ లేచి
చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

తాటాకు:
గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. "తెల్ల పొగ మబ్బు" చూసి రాసినట్టే ఉంది. నాటి తుపాకీమందు పొగ తెల్లగా, చిక్కగా లేస్తుంది, గాలి లేకపోతే అక్కడే నిలుస్తుంది. అందుకే పిల్లలతో వెళ్ళినవాళ్ళు గాలి వచ్చే వైపు నిలబడాలి. పొగ కొట్టుకొచ్చే వైపు కూర్చుంటే రెండో మోత తర్వాత కనిపించేది పొగ ఒక్కటే.

ఇక రెండు అభ్యంతరాలు. మొదటిది అన్వయం. మూడో పాదం చివర "లేచి" పెట్టి వెంటనే "చచ్చినట్టి" అంటే, లేచి ఆపైన చచ్చాడని చెవికి తగులుతుంది. మీరు చెప్పదలచింది దానికి తలకిందులు.

రెండోది పెద్దది. ఆ యుద్ధభూమి జాతీయ ఉద్యానాల శాఖ చేతిలో ఉంది. ఆ శాఖ నేలమీద ఎక్కడైనా సరే, రెండు వరుసలు ఎదురెదురుగా నిలిచి కాల్చుకోవడం, చచ్చినట్టు పడిపోవడం, కలబడడం నిషేధం. అక్కడ జరిగేది ప్రదర్శన మాత్రమే: ఒకే వరుస, జనం లేని దిక్కుకు, ఆజ్ఞ వెంట ఆజ్ఞగా పేల్చి చూపిస్తుంది. చచ్చి లేచే వేషాలు బయట ప్రైవేటు పొలాల్లో జరిగే ఉత్సవాలవి. రెండూ ఒకటే అనుకుని బయల్దేరిన కుటుంబం ఉద్యానంలో యుద్ధం కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది.

గంటం:
తాటాకు గారూ, ఒప్పుకున్నాను. "వేడుక" అన్న మాట కూడా ఆ నేలమీద తేలికగా ఉంది. పద్యాన్ని ప్రైవేటు పొలానికి మార్చేసుకుంటాను, లెండి.

పలక:
ఉన్ని కోటు, జూలై యెండ, యొంటి నిండ
తూటలు నలుబదియుఁ దాల్చు తోలు పెట్టె
మోసి మైలు దూరము నడ్చి ముచ్చెమటల
చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

తాటాకు:
భేష్. సమస్యలో చావును చెమటలోకి దించేశారు. రెండో పాదంలో తూ, తో యతి అలవోకగా పడింది.

"నడ్చి" అన్న కుదింపు వద్దు. "పోయి" అంటే అదే సలగణం నిలుస్తుంది. "ముచ్చెమటల" దగ్గర వ్యాకరణం అడ్డొస్తోంది. అది ద్రుతప్రకృతికం (చివర నకారం ఉండే మాట) కాబట్టి తర్వాతి చకారం జకారం కావాలి, కానీ సమస్య పాదాన్ని ముట్టుకోకూడదు. ఇలా చూడండి:

మోసి మైలు దూరము పోయి మొత్త ముడికి

"ఉడికి" క్త్వార్థకం ("చేసి", "లేచి" లాంటి రూపం), కళ (ద్రుతం లేని మాట). సంధి గొడవ లేదు, "ఉడికి చచ్చాడు" అన్న మన నుడీ కలిసొచ్చింది. గంటం గారికి అడ్డుపడ్డ క్త్వార్థమే ఇక్కడ పని చేసింది.

సిరాబుడ్డి:
పలక గారి మైలు ఊరికే పడిన మాట కాదు. జూలై 3న దక్షిణ సైనికులు దాదాపు 12,000 మంది సెమినరీ రిడ్జ్ అనే మిట్ట నుంచి సెమెటరీ రిడ్జ్ అనే మిట్ట దాకా నడిచిన బయలు ఇంచుమించు మైలే. ఆ మధ్యాహ్నం నమోదైన వేడి 87 డిగ్రీల ఫారన్‌హీట్. ఇవాళ కుటుంబాలు అదే గడ్డిలో నడుస్తాయి. చెట్టు నీడ దొరకదు, నీళ్ళు వెంట ఉండాలి. గడ్డి ఎత్తుగా పెరిగిన చోట పిడుజులు పట్టుకుంటాయి, వాటితో లైమ్ అనే వ్యాధి రావచ్చు. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి, కారెక్కే ముందు పిల్లల మోకాళ్ళ వెనుక, చెవుల వెనుక చూడాలి.

తూటాల విషయంలో ఒక చిన్న సవరణ. నాటి పెట్టెలో నలభై నిజమే. ఒక్కో కాగితపు తూటాలో 60 గ్రెయిన్ల మందు, పైన ఔన్సుకు కాస్త మించిన సీసపు గుండు. నలభై గుళ్ళ సీసమే దాదాపు 3 పౌండ్లు. ఇప్పుడు చూపించేవాళ్ళ పెట్టెలో గుళ్ళుండవు, మందు పొట్లాలే. అందుకని మీ సిపాయి పెట్టె బరువుకు చావడు, ఉన్ని కోటుకే చస్తాడు.

పలక:
అయితే "తూటలు" అన్న మాట తప్పవుతుందా?

సిరాబుడ్డి:
అక్కర్లేదు. గుండున్నా లేకున్నా కాగితంలో చుట్టిన మందు తూటాయే. తుపాకీ నింపడం నాటి కవాతు పుస్తకంలో తొమ్మిది అంగలు: తూటా తీయడం, పళ్ళతో చింపడం, గొట్టంలో పోయడం, కడ్డీ లాగడం, దట్టించడం, కడ్డీ తిరిగి పెట్టడం, అలా సాగుతుంది. ఎదురు పళ్ళు లేనివాణ్ణి పదాతిలోకి తీసుకోకపోవడం ఆ చింపడం కోసమే. చెయ్యి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చేవాడు.

ప్రదర్శనలో "ఫైర్" అన్నాక ఒక తుపాకీ టప్పుమని ఊరుకుంటే పిల్లలు నవ్వుతారు. మందుకు నిప్పందించే చిన్న రాగి టోపీ పేలింది, మందు అంటుకోలేదు. టోపీ కూర్చునే చనుమొన రంధ్రంలో నూనె గానీ మసి గానీ అడ్డుపడితే అలా అవుతుంది. అప్పుడు ఆ మనిషి తుపాకీ దించకుండా, మూతి జనం వైపు తిప్పకుండా నిలబడి ఉంటాడు. చూడవలసిన ఘట్టం అదే.

తాటాకు:
నా పూరణ. క్రమాలంకారం.

బండ సందునఁ బటమునఁ బడిన దెవరు?
పిల్లవా డేమి చేసెనో పిదప? ఇట్టి
ప్రశ్నలకు బదులొసగెడి వరుస యిదియె:
చచ్చినట్టి సిపాయియే, చద్ది తినెను

గంటం:
ఇదీ పూరణ! మొదటి ప్రశ్నకు మొదటి సగం, రెండో ప్రశ్నకు రెండో సగం. సమస్యలోని వింత ఒక్క విరామంతో విడిపోయింది. "ఇదియె" తర్వాత ద్రుతం లేకుండా చూసుకోవడం మీకే చెల్లింది.

సిరాబుడ్డి:
ఆ యుద్ధభూమిలో డెవిల్స్ డెన్ అనే బండల గుట్ట మధ్య ఉన్న ఫొటో ఫలకం సంగతేగా? ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం 1863 జూలైలో తీసిన ఫొటో. గురిగాడు (మాటు నుంచి గురిచూసి కాల్చేవాడు) తన మాటులోనే చచ్చిపడ్డాడని చాలాకాలం అందరూ నమ్మారు. అదే శవం కొంచెం దిగువన ఇంకో చోట పడి ఉన్న ఫొటోలు కూడా ఉన్నాయని, అక్కణ్ణుంచి బండల మధ్యకు మోసుకొచ్చి పెట్టారని చరిత్రకారుడు విలియం ఫ్రాసానిటో 1970లలో తేల్చాడు. పక్కన ఆనించిన తుపాకీ గురిగాళ్ళు వాడే రకం కాదు, ఫొటో కోసం తెచ్చి పెట్టిందే. కాబట్టి మీరు "గురిగాడు" అనకుండా "సిపాయి" అనడం నిక్కచ్చిగా సరిపోయింది. సమస్య ఇచ్చినవారి పుణ్యం కూడా కొంత ఉందనుకోండి.

పిల్లవాడు చద్ది తిన్నది ఆ బండల మీద కాదు కదా? తిండికి బల్లలు వేరే చోట ఉన్నాయి. ఆ బండలు జారుతాయి, సందులు లోతు. అక్కడ ఫిరంగుల మీదికీ, స్మారకాల మీదికీ ఎక్కడం కూడా నిషేధం, ఫొటో కోసమైనా సరే.

తాటాకు:
"పిదప" అన్నాను కదండీ. పిదప అంటే బల్ల దగ్గరికి వెళ్ళాకే.

గంటం:
రెండో ప్రయత్నం. ఈసారి ఫిరంగి.

తడిసినట్టి కుంచియతోడఁ దుడిచి మున్ను
గుండు లేకయే మందునుఁ గూరి దట్టి
పేల్చినంతట బెదరిరి పిల్ల లెల్ల;
చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

తాటాకు:
మూడు చోట్ల ఆగాలి.

మొదటి పాదంలో అక్షరయతి కుదరలేదు, ప్రాసయతి (తడి, దుడి) ఒక్కటే పాదాన్ని నిలబెడుతోంది. త, ద హల్లులకు మైత్రి ఉంది కానీ "త"లో అకారం, "దు"లో ఉకారం. అచ్చు కలవకపోతే హల్లు కలిసినా అక్షరయతి కాదు.

"దట్టి" అంటే నడుముకు కట్టుకునేది. మీకు కావలసింది "దట్టించి", అది గణంలో పట్టదు. "నెట్టి" అనండి.

ముఖ్యమైనది మూడోది. పిల్లలు బెదరడానికీ సిపాయి తినడానికీ సంబంధం లేదు. నాలుగో పాదం పక్కింటి నుంచి వచ్చి కూర్చున్నట్టుంది.

సిరాబుడ్డి:
ఫిరంగి వరస మాత్రం గంటం గారు సరిగ్గానే పట్టారు, తుడవడమే మొదలు. ఒకటో నంబరువాడు తడికుంచెతో గొట్టం లోపల తుడుస్తాడు. వెనకటి పేల్పులో మిగిలిన సంచి పీలిక నిప్పు పట్టుకుని ఉంటే, కొత్త మందు పడగానే అంటుకుంటుంది, గొట్టానికి ఎదురుగా చెయ్యి చాచినవాడి చేతులు పోతాయి. రెండోవాడు మందు పొట్లం మూతిలో పెడితే ఒకటోవాడు లోపలికి నెడతాడు. ఆ సేపంతా మూడోవాడు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో పైనున్న బెజ్జాన్ని మూసి ఉంచుతాడు. ఆ వేలు కదిలితే లోపలికి గాలి ఆడి, దాగిన నిప్పురవ్వ రాజుకుంటుంది. తర్వాత అదే బెజ్జంలోంచి ముల్లు గుచ్చి పొట్లానికి చిల్లు పెడతాడు. నాలుగోవాడు మందును అంటించే రాపిడి గొట్టం దిగేసి తాడు తగిలిస్తాడు, ఆజ్ఞ రాగానే లాగుతాడు.

1857 నమూనా నెపోలియన్ ఫిరంగికి నాటి యుద్ధంలో రెండున్నర పౌండ్ల మందు పట్టేది. ప్రదర్శనకు అందులో కొంతే వాడతారు, గుండు ఉండనే ఉండదు. అయినా మోత కడుపులో తగులుతుంది. పిల్లలకు చెవి కప్పులు పెట్టాలి, చేతులతో మూసుకోవడం చాలదు, ఎందుకంటే సరిగ్గా ఆ క్షణానికి వేలు చూపించడానికి చేతులు తీసేస్తారు. చంటిపిల్లలతో జనాన్ని ఆపే తాడు దగ్గర నిలబడకూడదు. 300 అడుగులు వెనక్కి వెళ్తే మెరుపుకూ మోతకూ మధ్య పావు సెకను పైగా ఎడం వస్తుంది, పెద్దపిల్లలకు అది చూపించవచ్చు.

గంటం:
సవరించాను.

తుడిచి తడికుంచెతోడుతఁ దొలుత లోన
గుండు లేకయే మందునుఁ గూరి నెట్టి
పేల్చి పేల్చి ఫిరంగిని వేడి నలసి
చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

తాటాకు:
ఇప్పుడు నాలుగో పాదం ఇంట్లో మనిషైంది. తు, దొ యతి సరి. పే, వే సరి. "అలసి చచ్చినట్టి" పలక గారి దారిలో నడిచినా మోత మీ సొంతం. బొటనవేలివాడు పద్యంలో లేకపోవడం ఒక్కటే లోటు.

సిరాబుడ్డి:
నాదీ ఒకటి.

మృతుని పేరు నూరును బట్ట మేనఁ దాల్చి
నాటి వాడుక మాటలు నటుడు పలుక
నల్ల కాఫీన బిస్కత్తు నాన వేయు
చచ్చినట్టి సిపాయియే చద్ది తినెను

పలక:
నాటి మనిషిగానే మాట్లాడేవాళ్ళ సంగతి ఇందులో వచ్చింది. "నువ్వెప్పుడు చచ్చిపోయావు?" అని పిల్లలు అడిగేది వీళ్ళనే. నాటి సైనికుల గట్టి బిస్కత్తును నానవేయడం కూడా నిజం. పిండి, నీళ్ళు, ఉంటే ఉప్పు, అంతే. మూడంగుళాల చదరం, అరంగుళం మందం. పురుగు పడితే వేడి కాఫీలో పైకి తేలేది, తీసిపారేసి తాగేవాళ్ళు. పిల్లల చేతికి ఇస్తే కొరకనివ్వకూడదు, పాలపన్ను ఊడొస్తుంది. చద్ది అంటే మనకు రాత్రి మిగిలిన అన్నమే గుర్తొస్తుంది కానీ, దారికి కట్టుకుపోయే చద్దిమూట లెక్కన ఈ బిస్కత్తుకు ఆ మాట భేషుగ్గా కుదిరింది.

తాటాకు:
మృ, మే యతి బాగుంది, ఋకారానికి ఏకారంతో మైత్రిని ఈ మధ్య ఎవరూ వాడడం లేదు. "పలుక" మాత్రం మార్చాలి. తుమున్నర్థం వేస్తే పలికేవాడు ఒకడు, తినేవాడు ఇంకొకడు అవుతారు. మీ నటుడే సిపాయి కదా? "పలికి" అనండి, గణం చెక్కుచెదరదు.

సిరాబుడ్డి:
పలికితిని.

నిర్వాహకుడు:
ఈ వారానికి తాటాకు గారి క్రమాలంకారం మొదటిది. గంటం గారి సవరించిన ఫిరంగి రెండోది, బొటనవేలు లేకపోయినా. ఫిరంగి దగ్గరి ఎనిమిది మంది పనిని మూడు పాదాల్లో పట్టించడం నావల్ల కూడా కాదు. బెజ్జం మూసేవాణ్ణి ఎవరైనా తేటగీతిలో కూర్చోబెట్టగలిగితే ఇక్కడే రాయండి, ఆదివారం రాత్రి దాకా తలుపు తెరిచే ఉంటుంది.