ఇథియోపియాలో పాఠాలు చెప్తున్నవాళ్లకు: అక్సుం ముందా, లాలిబెలా ముందా?

కొత్త_లెక్చరర్:
నమస్తే అండీ. ఈ మధ్యే మెకెలేలో లెక్చరర్‌గా చేరాను. సెమిస్టర్ మధ్యలో కొద్దిరోజులు సెలవు దొరికేలా ఉంది. చిన్నప్పటి నుంచీ పాత కట్టడాలంటే ప్రాణం, అందుకే అక్సుంలోని పాత రాతి స్తంభాలు, లాలిబెలాలోని రాతి చర్చిలు రెండూ చూసేయాలని ఉంది. రెండూ కుదురుతాయా? నేను శాకాహారిని, దారిలో తిండి గురించి కూడా కొంచెం టెన్షన్‌గా ఉంది.

ఫిజిక్స్_పంతులు:
ఒక్కటే పెట్టుకోండి, అది కూడా అక్సుం. మీ మెకెలే, అక్సుం రెండూ టిగ్రాయ్ ప్రాంతంలోనే కాబట్టి రోడ్డు మీదే వెళ్లొచ్చు. 1896లో ఇటలీ సైన్యాన్ని ఓడించిన అడ్వా దారిలోనే వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే యెహా. క్రీస్తుకు పూర్వం కట్టిన గుడి అది, సున్నం గట్రా ఏమీ లేకుండా పేర్చిన రాళ్లు, గోడలు ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి.

అక్సుంలో అందరూ నిలబడి ఉన్న స్తంభాల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం పడిపోయిన పెద్దదాని పక్కనే ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడవండి. 33 మీటర్ల పొడవు, 500 టన్నుల పైమాటే, నిలబెట్టేటప్పుడే కూలిపోయి ఉంటుందని చాలామంది పరిశోధకులు అంటారు. అడుగున ఉత్తుత్తి తలుపు, దానిపైన అంతస్తు మీద అంతస్తు కిటికీలు, మధ్యలో దూలాల కొసలు బయటికి వచ్చినట్టు గుండ్రటి బొడిపెలు, అలా 13 అంతస్తుల మేడనంతా ఒకే రాతిలో చెక్కేశారు. దగ్గర్లోనే నిలబడి ఉన్న 24 మీటర్ల స్తంభాన్ని 1937లో ముస్సోలినీ మనుషులు రోమ్‌కి పట్టుకుపోయారు. 2005లో మూడు ముక్కలుగా విమానంలో తిరిగొచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు. నా క్లాసులో ఒక అక్సుం కుర్రాడు ఉండేవాడు, ఆ విమానం దిగిన రోజు ఊళ్లో ఎంత సంబరం జరిగిందో వాళ్ల నాన్న ఇప్పటికీ చెప్తుంటాడట. ఇలాంటివి టూరిస్టుకు దొరకవు. వెళ్లేముందు క్లాసులో ఒక మాట చెప్పి చూడండి, ఎవరో ఒకరి ఊరు దారిలో ఉంటుంది.

అడిస్_అక్క:
పంతులు గారూ, ఒక్కటే అంటే నేను లాలిబెలాకే ఓటేస్తాను. అక్కడి బేత గియోర్గిస్ చర్చి దగ్గరికి వెళ్తే ముందు కనపడేది నేల మట్టంలో సిలువ ఆకారపు పైకప్పు, గుడంతా కింద గోతిలో ఉంటుంది. బండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోయారు! అలాంటి చర్చిలు అక్కడ 11 ఉన్నాయి, ఇవాళ్టికీ పూజలు జరుగుతున్నాయి కాబట్టి దాన్ని శిథిలం అనడానికి నాకు మనసొప్పదు. చెప్పులు బయటే విడవాలి, మందం సాక్సులు తీసుకెళ్లండి.

ఇంకోటి, ఇంట్లో ఆడవాళ్లతో వెళ్తుంటే వాళ్లకు ముందే చెప్పండి. అక్సుంలో పాత మర్యమ్ చర్చిలోకి ఆడవాళ్లను రానివ్వరు, తాడు పట్టుకుని ఎక్కే దెబ్రె దామో మఠంలోకీ అంతే. అంత దూరం వెళ్లి గుమ్మం బయట ఆగిపోవడం నాకు చాలా బాధనిపించింది. పక్కనున్న కొత్త చర్చిలోకి మాత్రం అందరూ వెళ్లొచ్చు.

తిండికి దిగులే వద్దు తమ్ముడూ. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో ఉపవాస బెయాయ్నెటు అడిగితే ఇంజెరా (మన దోసె లాంటి పుల్లటి రొట్టె) నిండా పప్పులు, కూరలు పెట్టి ఇస్తారు. షిరో, అంటే శనగపిండి లాంటి పప్పు పిండితో చేసే కూర అయితే దాదాపు రోజూ దొరుకుతుంది.

టైంటేబుల్_సార్:
బస్సు టైము జాగ్రత్త. అక్కడ గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క, ఉదయం ఏడైతే వాళ్లకు ఒంటిగంట. టికెట్ మీద 11 అని ఉంటే అది తెల్లవారుజామున ఐదు కావచ్చు, తప్పకుండా రెండుసార్లు అడగండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు.

కొత్త_లెక్చరర్:
చాలా థాంక్స్ అండీ అందరికీ. అక్సుమే ఖాయం చేశాను. రోడ్ల పరిస్థితి ఎవరిని అడగాలి?

ఫిజిక్స్_పంతులు:
టిగ్రాయ్ 2020 నుంచి 2022 దాకా యుద్ధం నడిచిన ప్రాంతం, కాబట్టి ఇంటర్నెట్‌లో పాత పోస్టులు చూసి బయల్దేరకండి. ఆ వారం ఆ దారిన వచ్చిన సహోద్యోగిని అడగండి, యూనివర్సిటీ ఆఫీసులో చెప్పి వెళ్లండి, అడిస్ అబాబాలోని మన ఎంబసీ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. లాలిబెలా పక్కనున్న అమ్హారా ప్రాంతంలో ఉంది, అక్కడ 2023 నుంచి గొడవలు, దానికి విడిగా వాకబు చేయాలి.

అన్నట్టు, అక్సుంలో ఎజానా రాజు శాసనం వదలకండి. చిన్న గదిలో ఉంటుంది, చాలామంది దాటిపోతారు. నాలుగో శతాబ్దపు ఆ రాజు ఒకే విషయాన్ని గీజ్ (ఇథియోపియా పాత భాష), సబాయి (దక్షిణ అరేబియా పాత భాష), గ్రీకు భాషల్లో చెక్కించాడు. ఇప్పటి వాళ్ల లిపిలో ఒక్కో హల్లుకు ఏడు రూపాలు, మన గుణింతం లాగే. వెళ్లేలోపు పది అక్షరాలు నేర్చుకుంటే బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవొచ్చు, మీ స్టూడెంట్లే సంతోషంగా నేర్పుతారు.