ఇంట్లో తీసిన ఫోటోలన్నీ మసక. కెమెరాలోనే లోపమా?

మబ్బుచాటు:
మూడు గంటలుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. నాలుగు నెలలు చదివి, ఆలోచించి అడ్వాన్స్‌డ్ కాంపాక్ట్ కెమెరా కొన్నాను. పగలు బయట తీస్తే ఆకు మీద ఈనె కూడా కనపడుతుంది. రాత్రి ఇంట్లో మా పాపను తీస్తే మాత్రం ఒక్కటీ పనికిరాదు. అదే గదిలో మా ఆవిడ ఫోన్‌తో తీస్తే చక్కగా వస్తున్నాయి! లెన్స్ తుడిచాను, కార్డు మార్చాను, స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది, ఫోకస్ పెట్టె పచ్చగానే వెలుగుతోంది. ఇది లెన్స్ లోపమేనా? వెనక్కి ఇవ్వడానికి రెండు రోజులే గడువుంది, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి కెమెరాలు వాడుతున్నవాళ్లు చెప్పండి.

కటకం:
షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎంత? జూమ్ ఎంత? ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) ఎంత?

పాతరీలు:
మబ్బుచాటు గారూ, అసలు మీరు జెపెగ్‌లో (కెమెరాయే సిద్ధం చేసి ఇచ్చే ఫోటో) తీస్తున్నారా, రా ఫైళ్లలోనా (కెమెరా పట్టిన సమాచారం సవరించకుండా ఉన్నది)? ఇంత మంచి కెమెరా కొని జెపెగ్‌లో తీస్తే సగం కెమెరాను పెట్టెలోనే వదిలేసినట్టు. జెపెగ్‌లో ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 మెట్లే. రా ఫైల్ 12 బిట్లదైతే 4096 మెట్లు. నీడల్లో వివరాలు లాగాలన్నా, పసుపు లైట్ల రంగు సరిచేయాలన్నా అదే దారి. కెమెరా తనంతట తాను నాయిస్ (ఫోటోలో గింజలు) తగ్గించబోయి ముఖాలను మైనపు బొమ్మల్లా చేసేస్తుంది. ముందు రా పెట్టండి, మిగతావి తర్వాత.

కటకం:
కదిలిన ఫోటోను రా బాగుచేయదు.

మబ్బుచాటు:
షట్టర్ స్పీడ్ నేనేమీ పెట్టలేదండీ, పి మోడ్‌లో ఉంది. అది కెమెరాయే చూసుకోవాలి కదా? ఫోన్‌లో నేనేమీ పెట్టడం లేదు మరి.

నడిరేయి:
ఫోన్‌తో పోల్చకండి. అది మీరు ఒక్కసారి నొక్కితే వరుసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒకటి చేసి ఇస్తుంది. మన కెమెరాలు మామూలుగా ఒకే ఫ్రేము తీస్తాయి.

నేను సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ వాడుతున్నాను, 2012లో వచ్చినది. 240 గ్రాముల బరువు, చొక్కా జేబులో పడుతుంది. నాకు ప్రాణం. కానీ లెన్స్ మీద ఎఫ్1.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు) అని చూసి మురిసిపోయి చాలాకాలం పొరబడ్డాను. ఆ 1.8 జూమ్ చేయనప్పుడే, అంటే 28 మి.మీ. దగ్గరే. 100 మి.మీ. దాకా జూమ్ చేస్తే ఎఫ్4.9 అయిపోతుంది. లెక్క వేసుకోండి, లోపలికి వచ్చే వెలుగు దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. 2014 నాటి మూడో మోడల్లో దీన్ని సరిచేశారు, జూమ్ చివర కూడా ఎఫ్2.8 ఉంటుంది. కాకపోతే జూమ్ 70 మి.మీ.కే ఆగిపోతుంది. ఇంకో మాట, మొదటి మోడల్ ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు సీలింగ్‌కు తగిలి మెత్తగా పడుతుంది. తెల్ల సీలింగ్ ఉంటే అద్భుతం.

మబ్బుచాటు గారూ, ఒక్క మాట చెప్పండి. పాప వెనకాల ఉన్న అల్మరా అంచు పదునుగా ఉందా, అదీ మసకేనా?

మబ్బుచాటు:
ఇప్పుడే చూశాను. అల్మరా పదునుగానే ఉంది! మసకంతా పాప చేతులు, ముఖం మీదే.

నడిరేయి:
అయితే లెన్స్ నిక్షేపంగా ఉంది, వెనక్కి ఇవ్వకండి. స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకును ఆపుతుంది, పాప పరుగును ఆపలేదు. మన 1 అంగుళం సెన్సర్ (వెలుగును పట్టే చిప్) కెమెరాలన్నిటికీ ఇది...

కొలబద్ద:
1 అంగుళం అనకండి దయచేసి. ఆ సెన్సర్ కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు దాటదు. అంగుళమంటే 25.4. పాత టీవీ కెమెరా గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరిది, ఇప్పటికీ అదే మోస్తున్నారు. కొనేవాళ్లు మోసపోతున్నారు.

నడిరేయి:
నిజమే, కానీ అందరూ అదే పేరు వాడుతున్నారు. నేను 13.2 × 8.8 సెన్సర్ అంటే ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?

కొలబద్ద:
అర్థమయ్యేదాకా చెప్పాలి. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణం దీనికి ఏడు రెట్లకు పైనే. ఆ తేడా తెలిస్తే రాత్రి ఫోటోల మీద ఇన్ని ఆశలు పెట్టుకోరు.

మబ్బుచాటు:
కటకం గారూ, ఫోటో వివరాలు తెరిచాను. 1/15 సెకను, ఎఫ్4.9, ఐఎస్ఓ 400. జూమ్ పూర్తిగా లాగి తీశాను, దగ్గరికి వెళితే పాప ఆట ఆపేసి కెమెరా లాక్కుంటుంది. ఐఎస్ఓ ఆటోలోనే ఉంది, 400 దాటకుండా కొన్న రోజే హద్దు పెట్టాను. పెంచితే గింజలు గింజలుగా వస్తుందని చదివాను కదా, అందరూ అలాగే పెట్టుకుంటారనుకున్నాను.

కటకం:
అదే. హద్దు 3200 చేయండి. జూమ్ పూర్తిగా వెనక్కి. ఎస్ మోడ్ (షట్టర్ స్పీడ్ మనమే పెట్టేది), 1/250. ఐఎస్ఓ ఆటో. పి మోడ్ వద్దు, ఐఎస్ఓ తగ్గించడానికి అది స్పీడ్ తగ్గించేస్తుంది.

పాతరీలు:
3200 పెడితే జెపెగ్‌లో పిల్ల బుగ్గలు మైనమైపోతాయి. అందుకే రా అంటున్నాను, ఎవరూ వినడం లేదు. రా అయితే ఎంత నాయిస్ తీయాలో మన చేతిలో ఉంటుంది.

నడిరేయి:
ఆ మాట వరకు ఒప్పుకుంటాను. కానీ ముందు ఫోటో కదలకుండా రావాలి కదండీ. గింజలున్న ఫోటోలో పాప నవ్వు కనిపిస్తుంది, చెరిగిపోయినదాంట్లో ఏమీ మిగలదు.

మబ్బుచాటు:
ఎఫ్1.8లో పెడితే ముక్కు ఒక్కటే ఫోకస్‌లో ఉండి చెవులు మసకవుతాయేమో?

నడిరేయి:
పెద్ద సెన్సర్‌కు పెద్ద లెన్స్ తగిలిస్తే ఆ భయం. మీ దాంట్లో జూమ్ చేయకుండా రెండు మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల దాకా పదునుగానే ఉంటుంది. మరీ దగ్గరికి వెళ్లకండి, వైడ్‌లో (జూమ్ చేయనప్పుడు) ముక్కు పెద్దదిగా కనపడుతుంది. రెండు మీటర్లలోనే ఉండి తర్వాత క్రాప్ చేసుకోండి, 20 మెగాపిక్సెల్స్ ఉన్నది అందుకే.

కొలబద్ద:
సెన్సర్ చిన్నది కాబట్టే ఆ లాభం. కొలత చెప్పమన్నది ఇందుకే.

మబ్బుచాటు:
వచ్చిందండీ. 1/250, ఎఫ్1.8, ఐఎస్ఓ 1000. గాల్లో జడ కూడా తెలుస్తోంది. థాంక్స్ కటకం గారూ, నడిరేయి గారూ. రా సంగతి రేపు చూస్తాను, పాప నిద్రపోయింది.

పాతరీలు:
రా, జెపెగ్ రెండూ కలిపి సేవ్ చేసే ఆప్షన్ ఉంటుంది, కనీసం అదైనా పెట్టండి.

తొలిఅడుగు:
నాదీ ఇదే సమస్య, కాకపోతే వీడియోలో. లైట్ల కింద తీస్తే నల్ల చారలు పాకుతున్నాయి. దానికీ షట్టర్ స్పీడేనా మార్చాల్సింది?