ప్రేమగా పెంచి ఉంటే ప్రతినాయకుడు మారేవాడా?

నల్లగొండ తెలుగు ఉపాధ్యాయుడు:

మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక రచనా పోటీ పెట్టబోతున్నాము. కథల్లోని ఒక దుష్టపాత్రను ఎంచుకుని, చిన్నతనంలో ఆ పాత్రకు నిండైన ప్రేమ దొరికి ఉంటే కథ ఎట్లా నడిచేదో వాళ్లు ఊహించి రాయాలి. అయితే ఈ ప్రశ్న సరైనదేనా అని మా ఉపాధ్యాయుల్లోనే వాదం వచ్చింది కనుక ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

ప్రేమ కరువైన బాల్యమే దుష్టుణ్ణి తయారు చేస్తుందని నా నమ్మకం. దుర్యోధనుణ్ణే చూడండి. కుంతికి కొడుకు పుట్టాడని విని, ఓర్వలేక గాంధారి తన కడుపు మీద తాను కొట్టుకుంది. అట్లా జారిన మాంసపు ముద్దను వ్యాసుడు నేతికుండల్లో పెట్టిస్తే ఆ పిల్లలు బయటికొచ్చారు. తండ్రికి చూపు లేదు, తల్లి కళ్లకు గంతలు కట్టుకుంది. పుట్టగానే అపశకునాలు తోచాయని, ఈ బిడ్డను వదిలెయ్యమని విదురుడు సలహా ఇచ్చాడు. కన్నవాళ్లు ఒక్కసారైనా కళ్లారా చూడని పిల్లవాడి నుంచి మనం ఏమి ఆశించగలము? మా పిల్లలు ఇష్టంగా చదివే హ్యారీ పాటర్ కథల్లో కూడా అంతే కదా. వోల్డెమార్ట్‌గా మారిన టామ్ రిడిల్ అనాథాశ్రమంలో పుట్టాడు, పుట్టిన కాసేపటికే తల్లి చనిపోయింది.

వనపర్తి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:

మీ నమ్మకాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. విశ్రవసుడు, కైకసి దంపతులకు రావణుడు, కుంభకర్ణుడు, శూర్పణఖ, విభీషణుడు పుట్టారు. ఒకే తల్లి పాలు తాగి, ఒకే ఆశ్రమంలో పెరిగి, ఒకే తండ్రి నీడన ఎదిగిన ఆ నలుగురిలో ఒకడు ధర్మం పక్షాన నిలబడ్డాడు. పెంపకమే అన్నీ నిర్ణయిస్తే విభీషణుడు ఎక్కడి నుంచి వచ్చాడు? పిల్లల చేత ఇటువంటి వ్యాసాలు రాయిస్తే ప్రతి తప్పుకూ ఒక కన్నీటి కథ వెతుక్కోవడమే వాళ్లకు అలవాటవుతుందని నా భయం.

మిర్యాలగూడ నర్సు:

సార్, ఆ నలుగురు పెరిగిన ఇల్లు ఒకటే అయినా నలుగురికీ అది ఒకే తీరుగా లేదు. ఉత్తరకాండలో కుబేరుడు పుష్పక విమానంలో వచ్చి వెళ్తుంటే కైకసి చూసి, 'నీ అన్నను చూడు, నిన్ను నీవు చూసుకో, నువ్వూ అట్లా కావాలి' అనే మాట పెద్దకొడుకు దశగ్రీవుడితోనే అంటుంది. రావణుడు ఆ రోషంతోనే తపస్సుకు పోయాడు. ఒక బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చి పొడిచే మాట ఎంత లోతుకు దిగుతుందో పిల్లల వార్డులో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు.

ఇక కథలు పక్కన పెట్టి చూద్దాము. లండన్‌లో పిల్లల మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1944లో ఒక అధ్యయనం ప్రచురించారు. దొంగతనాలకు అలవాటుపడిన 44 మంది పిల్లలను ఆయన పరిశీలించారు. వారిలో ఎవరి మీదా మమకారం లేనట్టు కనిపించిన పిల్లలు 14 మంది కాగా, ఆ 14 మందిలో 12 మంది పసితనంలోనే తల్లికి చాలాకాలం దూరమైనవాళ్లు. పరిశీలించిందీ, ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చిందీ ఆయనే కాబట్టి ఆ ఫలితం మీద విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. అయినా తొలి ఏళ్ల మమకారానికి విలువ లేదని మాత్రం ఎవరూ అనలేరు. పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింది అరలో పెరిగినా హ్యారీ దుష్టుడు కాలేదంటే, అంతకు ముందు ఏడాదికి పైగా కన్నవాళ్ల ఒడిలో ఉన్నాడన్న సంగతి మరువకూడదు.

పాలమూరు పాఠకురాలు:

ఈ చర్చలో నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. మా జిల్లా నుంచి తరతరాలుగా గుంపు మేస్త్రీల వెంట తట్టాపారా పట్టుకుని దేశమంతా డ్యాముల పనులకు, కాలువల పనులకు పోయారు. పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్‌లోనో పెరిగారు. 'తల్లి దగ్గర లేని పిల్లవాడు చెడిపోతాడు' అనే సూత్రాన్ని తొమ్మిదో తరగతి గదిలో పెడితే, ఆ గదిలో కూర్చున్న వలసకూలీల పిల్లలు దాన్ని తమ గురించి చెప్పినట్టుగానే వింటారు. ఉపాధ్యాయులు దయచేసి ఈ సంగతి ఆలోచించాలి.

మీ సూత్రానికి పెద్ద అడ్డంకి దుర్యోధనుడు కాదు, కర్ణుడు. కన్నతల్లి నీటిలో వదిలేసిన మాట నిజమే. కానీ ఆ తర్వాత అధిరథుడు, రాధ ఇచ్చిన ప్రేమలో ఏ లోటూ లేదు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి 'నీవు కుంతి కొడుకువు, రాజ్యం నీదే' అన్నప్పుడు కర్ణుడు చెప్పే జవాబు చదవండి. తనను ఎత్తుకున్న రోజే మమకారంతో రాధకు పాలు చేపాయనీ, తన మలమూత్రాలు ఎత్తి పోసింది ఆమేననీ, అటువంటి తల్లిని కాదని పోలేననీ అంటాడు. దుర్యోధనుడి స్నేహం ఒక కారణమైతే, రాధ పెంచిన ప్రేమ ఇంకొక కారణం. అంటే ప్రేమ నిండిన బాల్యమే ఆయన్ను కౌరవుల పక్షాన కట్టిపడేసింది.

మరి ఆయన లోపలి చేదు ఎక్కడిది? కుమారాస్త్రవిద్యా ప్రదర్శన నాటి రంగస్థలంలో చూడండి. అప్పుడే అంగరాజ్యానికి అభిషేకం జరిగి కర్ణుడి తల ఇంకా తడిగా ఉంది. ముసలి అధిరథుడు చెమటలు కక్కుతూ, వణుకుతూ లోపలికి వస్తాడు. కొడుకు వెంటనే విల్లు పక్కన పెట్టి తల వంచి మొక్కుతాడు. తండ్రి ఆ తడి తలను తన కన్నీళ్లతో మళ్లీ తడుపుతాడు. మహాభారతంలో తండ్రీకొడుకుల ప్రేమకు ఇంతకన్నా గొప్ప దృశ్యం ఉందని నేను అనుకోను. సరిగ్గా ఆ క్షణంలోనే భీముడు నవ్వి, 'నీ కులానికి తగినట్టు కొరడా పట్టుకో' అంటాడు. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు అక్కడే ఉన్నారు. ఒక్కరూ 'నోరు మూసుకో' అనలేదు. ఇంట్లో దొరికింది ప్రేమే, మైదానంలో దొరికింది అవమానం. మీరు బాల్యాన్ని మార్చాలంటే మార్చవలసింది రాధను కాదు, ఆ మైదానంలో కూర్చున్న పెద్దలను.

దేవరకొండ న్యాయవాది:

పాఠకురాలు గారి మాటకు మన ప్రాంతం నుంచే ఇంకొక ఉదాహరణ చేరుస్తాను. తెలంగాణ కథల్లో ప్రతినాయకుడు ఎవరని అడిగితే చాలామంది గడీలోని, అంటే కోటలాంటి భవంతిలోని, దొర అంటారు. 1946లో కడివెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి ఈ ప్రాంతపు సాహిత్యంలో ఆ దొర మనకు ఎదురవుతూనే ఉన్నాడు. ఆ పాత్ర చిన్నతనంలో ప్రేమకు కరువు ఉండేదా? దొరసాని కంటికి రెప్పలా చూసుకునేది. ఆడబాపలు, అంటే గడీలో వెట్టి చేసే దాసీలు, చంక దించకుండా మోసేవాళ్లు. అడిగిందల్లా చేతికి వచ్చేది. అయితే ఆ పిల్లవాడు కొట్టినా, ఉమ్మినా, ఆడబాప 'వద్దు బిడ్డా' అని చెప్పగలిగే స్థితిలో లేదు. వెట్టి చేసే మనిషి ముద్దు చేయడంలో ఎంత ప్రేమ ఉందో, ఎంత భయం ఉందో ఆ పిల్లవాడికి ఎన్నటికీ తెలియదు. తనకు అడ్డు చెప్పగల మనుషులు ఉంటారనే జ్ఞానం లేకుండానే అతడు పెద్దవాడవుతాడు.

ధృతరాష్ట్రుడిదీ ఇదే కథ. ఉపాధ్యాయులు సార్ ఒక సంగతి వదిలేశారు. వదిలెయ్యమని విదురుడు అన్నప్పుడు ధృతరాష్ట్రుడు వదలలేదు, కారణం పుత్రప్రేమే. దుర్యోధనుడికి ప్రేమ తక్కువ కాలేదు, అడ్డు చెప్పేవాళ్లు తక్కువయ్యారు. పిల్లవాడిగా ఉన్నప్పుడే ప్రమాణకోటిలో భీముడికి విషం పెట్టి గంగలో తోయించాడు. ఆ ఇంట్లో ఎవరు శిక్షించారు?

వనపర్తి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:

న్యాయవాది గారి వాదనను ఒప్పుకుంటున్నాను, కైకసి విషయంలో నర్సు మేడం చెప్పిందీ సబబే. కానీ భీముడి సంగతి కూడా చెప్పుకోవాలి. చిన్నప్పుడు కౌరవులను జుట్టు పట్టి ఈడ్చినవాడు, నీళ్లలో ముంచినవాడు, వాళ్లు చెట్టెక్కితే కాండాన్ని తన్ని పండ్లతోపాటు రాల్చినవాడు అతడే. ఇటు నకుల సహదేవులు తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నా కుంతి చేతుల్లో చక్కగా పెరిగారు. కనుక కన్నవాళ్లు ఉండాలన్న పట్టుదల వద్దని నేనూ అంటాను.

మిర్యాలగూడ నర్సు:

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహాలు వంటి కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో కూడా సుమారు మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లకు తల్లో, అవ్వో, టీచరో, నమ్మదగిన పెద్ద మనిషి ఒక్కరైనా ఉన్నట్టు తేలింది. కనుక పాలమూరు అక్క బాధ న్యాయమైనదే, అవ్వ దగ్గర పెరగడం ప్రేమ లేకపోవడం కాదు.

అయితే రాధ ప్రేమ వృథా అయిందని మాత్రం నేను ఒప్పుకోను. అదే ఉద్యోగపర్వంలో కర్ణుడు కృష్ణుడితో, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు కుమిలిపోతున్నానని చెప్తాడు. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు మాత్రం, తనకంటే భాగ్యవంతుడు ఎవడని అడుగుతాడు. ఇద్దరూ ఒకే సభలో ద్రౌపదిని అవమానించారు. ఒకరికి పశ్చాత్తాపం వచ్చింది, ఇంకొకరికి రాలేదు. ఆ తేడా రాధ ఇంటి నుంచి వచ్చిందని నేను నమ్ముతున్నాను.

నల్లగొండ తెలుగు ఉపాధ్యాయుడు:

ప్రశ్నను మారుస్తున్నాను. 'మీరు ఎంచుకున్న దుష్టపాత్ర చిన్నతనంలో, ఎవరైనా పెద్దవాళ్లు మాట్లాడవలసి ఉండీ మాట్లాడని ఒక ఘట్టాన్ని తీసుకోండి. వాళ్ల చేత మాట్లాడించండి. ఆ తర్వాత ఏమి జరుగుతుందో రాయండి.' తల్లిదండ్రుల మాట ఇందులో ఎక్కడా లేదు.

పాలమూరు పాఠకురాలు:

ఇది బాగుంది సార్. ఆ మాట్లాడే పెద్దమనిషి రాజే కానక్కరలేదని, గడీలోని ఆడబాప అయినా కావచ్చని పిల్లలకు ముందే చెప్పండి. లేకపోతే అందరూ భీష్ముడి గురించే రాస్తారు.