20 మెగాపిక్సెల్ చిన్న కెమెరా, ఫొటోలన్నీ మసక. ఏ సెట్టింగ్ మార్చాలి?

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఈ కెమెరాతో కుస్తీ పడుతున్నాను, ఇంక నా వల్ల కాదు. జేబులో పట్టే చిన్న కెమెరా, 20 మెగాపిక్సెల్, 8ఎక్స్ జూమ్. సెకండ్ హ్యాండే గానీ ఒంటి మీద గీత కూడా లేదు, 9,000 పెట్టినాను. ఫొటోలు చూస్తే అన్నీ మసక మసక, దీనికన్నా నా ఫోనే నయం. మెనూలో ఉన్నవన్నీ మార్చి చూసినా, రీసెట్ కొట్టినా, వేరే మెమరీ కార్డు వేసినా, ఏం తేడా లేదు. నచ్చకపోతే రేపు సాయంత్రం లోపల వాపసు తెమ్మన్నాడు అంగడాయన. ఏ సెట్టింగ్ మార్చాలో ఒక్క ముక్కలో చెప్పండి చాలు. ఇంట్లో ఇప్పటికే "ఫోనుండగా ఇదెందుకు" అని సాధింపులు మొదలైనాయి.

లీలామహల్ సెంటర్:
మోడల్?

పాత రీలు:
నాయనా, నువ్వు మెగాపిక్సెల్ లెక్క చెప్పినావంటేనే ఆ అంగడాయన నీకేం చెప్పి అమ్మినాడో అర్థమైపోయింది. నేను రీలు కాలం నుంచి స్టూడియో నడిపినవాణ్ణి. ముప్పై ఆరు ఫొటోల రీలు చేతిలో ఉంటే ప్రతి నొక్కుకీ ముందు ఆలోచించేవాళ్ళం. అది అట్లుంచు. చిన్న కెమెరాల్లో చూడాల్సింది సెన్సార్, అదే వెలుతురుని ఫొటోగా మార్చే చిప్, అది సీసీడీ (పాత రకం)నా సీమాస్ (ఇప్పటి రకం)ఆ అని. పాత సీసీడీ కెమెరాతో గంగజాతరలో తీసిన ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, బండ వేషం వాళ్ళ కుంకుమ ఎరుపు ఎంత నిండుగా ఉంటుందో చూస్తే తెలుస్తుంది. ఈ కాలం ఫోన్లలో ఆ ఎరుపు నారింజకి తిరిగిపోతుంది. నీది సీసీడీ అయితే వదులుకోవద్దు.

మదనపల్లి టమాటా:
పెద్దాయనా, రంగు సీసీడీ నుంచి రాదు. సెన్సార్ మీద పరిచిన రంగు ఫిల్టర్, దాని తర్వాత కెమెరా లోపల కంపెనీ చేసే వంటకం, ఈ రెండింటి నుంచి వస్తుంది. ఈ సీసీడీ మోజు వల్లే కాలేజీ పిల్లలు పాత చిన్న కెమెరాల మీద ఎగబడి రేట్లు పెంచేసినారు, పక్కన పడేసిన కెమెరాలు కూడా ఇప్పుడు వేలల్లో పోతున్నాయి. ఈయనకి 9,000 పడింది కూడా అందుకే అయ్యుంటుంది.

పాత రీలు:
వంటకం అంటావా. సరే, నా కళ్ళతో నేను చూసింది నేను చెప్పినా.

తిరుచానూరు రోడ్డు:
అన్నా, రంగుల గురించి నేను అడగలేదు. మసక గురించి అడిగినా. మోడల్, కంపెనీ పేరు చెప్పను, చెప్తే ఆ కంపెనీ అభిమానులు వచ్చి గొడవ పెట్టుకుంటారు. ఇంకో చర్చలో చూసినా అట్లాంటిది.

లీలామహల్ సెంటర్:
పేరొద్దు. లెన్స్ చుట్టూ రింగ్ మీద అంకెలుంటాయి. అవి చెప్పు.

తిరుచానూరు రోడ్డు:
5.0-40.0 మి.మీ., దాని పక్కన 1:3.2-6.9 అని ఉంది. ఏం తెలుస్తుంది దీనితో?

లీలామహల్ సెంటర్:
అంతా.

జీఆర్ పిచ్చోడు:
బ్రో, వాపసు ఇచ్చేసి రికో జీఆర్ 3 చూడు. 2019 మోడల్. ఏపీఎస్-సీ సెన్సార్, అంటే పెద్ద డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సైజు, బరువేమో బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. ప్యాంటు జేబులో పెట్టుకుని గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలంగళ్ళ ముందు నడుస్తా తీసుకోవచ్చు, నిన్ను ఎవరూ పట్టించుకోరు. రోజువారీ ఫొటోలకి దీన్ని మించింది లేదు.

మదనపల్లి టమాటా:
9,000 పెట్టిన మనిషికి జీఆర్ చెప్తున్నావు చూడు. పైగా దానికి జూమ్ లేదు, రీలు కెమెరా లెక్కన 28 మి.మీ. దగ్గర బిగించిన లెన్స్. ఫ్లాష్ కూడా లేదు. బ్యాటరీ 200 ఫొటోలకే దండం పెడుతుంది.

జీఆర్ పిచ్చోడు:
జూమ్ కావాలంటే కాళ్ళతో ముందుకి నడవాలి బ్రో.

మదనపల్లి టమాటా:
తిరుచానూరు అన్నా, ఆ అంకెల సంగతి చెప్తా. 40ని 5తో భాగిస్తే 8, అదే నీ 8ఎక్స్. 5.0 దగ్గర మొదలైందంటే లోపల ఉన్నది 1/2.3 రకం సెన్సార్, సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. ఇప్పుడొచ్చే మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సారే దీనికన్నా పెద్దది, కాబట్టి ఫోను నయంగా కనిపించడంలో వింతేమీ లేదు. ఫోను ఇంకో పని కూడా చేస్తుంది, నువ్వు ఒకసారి నొక్కితే అది వరసగా చాలా ఫొటోలు తీసి కలిపి ఒకటి చేసి చూపిస్తుంది. నీ కెమెరా పాపం తీసిన ఒక్కటే ఇస్తుంది. ఇంక రెండో జత అంకెలు. లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేవి అవి, అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ. జూమ్ లేనప్పుడు ఎఫ్3.2, పూర్తిగా లాగితే ఎఫ్6.9. అంటే జూమ్ చివరకి పోయేసరికి లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు కూడా ఉండదు. డబ్బా మీద 8ఎక్స్ అని అంత పెద్దగా వేస్తారు గానీ ఈ ముక్క ఎక్కడా వేయరు.

పలమనేరు కుర్రోడు:
8ఎక్స్ అంటే వస్తువు 8 రెట్లు దగ్గరికి కనిపించడం కదా అన్నా, నువ్వేందో భాగహారం అంటావు?

మదనపల్లి టమాటా:
కాదు తమ్ముడూ. జూమ్ చివరని మొదలుతో భాగిస్తే వచ్చేది ఎక్స్, అంతే. రీలు కెమెరా లెక్కకి మార్చి చెప్తే (నీ అన్న 5-40 ఆ లెక్కన 28-224) 28 నుంచి 224 దాకా పోయేదీ 8ఎక్సే, 25 నుంచి 200 దాకా పోయేదీ 8ఎక్సే, కానీ మొదటిది ఎక్కువ దూరం చూస్తుంది. కంటికి ఎన్ని రెట్లు కనిపిస్తుందనేది వేరే లెక్క, సుమారు 50 మి.మీ. దగ్గర నుంచి చూసుకోవాలి. ఆ ప్రకారం 224 అంటే నాలుగున్నర రెట్లు.

పలమనేరు కుర్రోడు:
అట్లయితే బైనాక్యులర్ మీద రాసే 8ఎక్స్?

మదనపల్లి టమాటా:
అది నిజంగానే 8 రెట్లు. దాన్నీ దీన్నీ కలపొద్దు.

పలమనేరు కుర్రోడు:
ఒకే గుర్తుకి రెండు అర్థాలు పెడితే మాలాంటోళ్ళం మోసపోక ఏమవుతాం.

తిరుచానూరు రోడ్డు:
లెక్కలు బాగున్నాయి గానీ నా ప్రశ్న అక్కడే ఉంది. ఏ సెట్టింగ్?

తాళం తప్పని అమ్మ:
బాబూ, ఇంతమంది ఇన్ని చెప్పినారు, నువ్వు దేన్ని ఫొటో తీసినావో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు.

తిరుచానూరు రోడ్డు:
దేన్నంటే, పాప డాన్స్ అమ్మా. నిన్న రాత్రి మహతి ఆడిటోరియంలో ప్రోగ్రాం జరిగింది. వెనక వరసలో కూర్చున్నాం కాబట్టి జూమ్ మొత్తం లాగి తీసినా. వచ్చే నెల ఇంకోటి ఉంది, దాని కోసమే కదా ఈ తాపత్రయం. ఇంట్లో పగలు తీస్తే బాగానే వస్తున్నాయి, దాంతో ఇబ్బంది లేదు.

లీలామహల్ సెంటర్:
ఇది మొదటే చెప్పాల్సింది.

మదనపల్లి టమాటా:
రాత్రి, స్టేజీ, కదిలే పిల్ల, ఫుల్ జూమ్! ఒక ఫొటో తెరిచి వివరాల బటన్ నొక్కు, షట్టర్ (ఎన్నో వంతు సెకను తెరుచుకుందో), ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపిందో) ఎంతున్నాయో చెప్పు. డబ్బా మీద ఆప్టికల్ స్టెబిలైజర్ అని ఏమైనా ఉందా?

తిరుచానూరు రోడ్డు:
1/25, ఎఫ్6.9, ఐఎస్ఓ 800. డబ్బా మీద డిజిటల్ ఐఎస్ అని ఉంది. అదీ ఇదీ ఒకటే కదా?

మదనపల్లి టమాటా:
ఒకటి కాదు. ఆప్టికల్ అంటే లెన్స్ లోపల గాజు ముక్క నిజంగా కదిలి నీ చేతి వణుకుని సర్దుతుంది. డిజిటల్ అంటే సాఫ్ట్‌వేర్‌తో సర్దుబాటు. అయితే ఏదున్నా పాప కదలికని ఆపలేదు. 1/25 సెకను అంటే ఆ లోపల చెయ్యి ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయేంత సమయం. కదిలే పిల్లకి 1/250 అన్నా కావాలి. జూమ్ వెనక్కి తెచ్చి ఎఫ్3.2 దగ్గర పెడితే, అదే వెలుతురులో 1/25 కాస్తా 1/100 దాటుతుంది. ప్రోగ్రామ్ మోడ్‌లోకి పోయి ఐఎస్ఓ 1600 చేస్తే 1/200 దాటుతుంది. నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, బాగా ఉంటుంది, కానీ మొహం తెలుస్తుంది. మసక కన్నా నాయిస్ మేలు.

పాత రీలు:
ఫ్లాష్ వెయ్యమని ఎవరూ చెప్పరేంది? మా కాలంలో నాట్యానికి ఫ్లాష్ లేకుండా తీసిందే లేదు.

మదనపల్లి టమాటా:
ఇంత చిన్న కెమెరా ఫ్లాష్ మూడు మీటర్లు దాటదు పెద్దాయనా. వెనక వరస నుంచి వేస్తే ముందు కూర్చున్నోళ్ళ తలకాయలు తెల్లగా వెలుగుతాయి, స్టేజీ ఇంకా నల్లబడుతుంది.

తాళం తప్పని అమ్మ:
ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. పిల్లలకి కళ్ళలో పడి తాళం తప్పుతారు, గురువుగారు అక్కడే తిడతారు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంది, నేనూ చాలా ఫొటోలు పాడుచేసినాక తెలుసుకున్నది చెప్తాను. జతి, అంటే తాళానికి అడుగులేసే వరస, నడుస్తున్నంతసేపు తియ్యొద్దు. దాన్ని ముగించే తీర్మానం దగ్గర ఆఖరి దెబ్బకి పిల్ల భంగిమలో ఆగిపోతుంది, అరమండిలో (మోకాళ్ళు పక్కలకి వంచి) చెయ్యి చాపి ఒక క్షణం నిలబడుతుంది, అప్పుడు నొక్కాలి. నట్టువాంగం, అదే గురువుగారు తాళాలు కొడతా చెప్పే జతులు, వింటా ఉంటే ఆ ఆఖరి దెబ్బ ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది. ఈ చిన్న కెమెరాలు నొక్కినాక ఒక్క రవ్వ ఆలస్యంగా తీస్తాయి కాబట్టి బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టుకుని, దెబ్బ పడేటప్పటికి మిగతా సగం నొక్కు. కూర్చోవడం మాత్రం వెనక వరస కాదు, ముందే పోయి పక్కగా మొదటి వరసలో. మధ్యలో కూర్చుంటే మైకు స్టాండు అడ్డొస్తుంది.

తిరుచానూరు రోడ్డు:
ముందు వరసలు విఐపీలకి అమ్మా. మా బోటివాళ్ళని ఎవరు కూర్చోనిస్తారు.

తాళం తప్పని అమ్మ:
రిహార్సల్‌కి పో. ఎవరూ ఉండరు, లైట్లు కూడా అవే వేస్తారు. అలంకారంలో రమ్మన్న రోజు చూసుకుని పో.

జీఆర్ పిచ్చోడు:
రిహార్సల్‌లో స్టేజీ ముందు నిలబడితే జీఆర్‌తో ఎంత బాగా వస్తుందో తెలుసా? ఎఫ్2.8, పెద్ద సెన్సార్.

మదనపల్లి టమాటా:
జీఆర్‌తో అసలు ప్రోగ్రాం రోజు వెనక వరస నుంచి తీస్తే స్టేజీ, తెర, దేవుడి పటం అన్నీ వస్తాయి, పాప మాత్రం చీమంత ఉంటుంది. అన్నకి మార్చుకునే ఉద్దేశం ఉంటే సోనీ ఆర్ఎక్స్100 వరసలో పాతవి, కెనాన్ జీ7ఎక్స్ పాతవి సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి. వాటిలో అంగుళం సెన్సార్ ఉంటుంది, ఇప్పుడున్నదానికి నాలుగింతల వైశాల్యం. జీ7ఎక్స్ మార్క్ 2 లెన్స్ 24 నుంచి 100 దాకా పోయినా ఎఫ్2.8 దగ్గరే ఆగుతుంది, ఆ చివరి అంకే ముఖ్యం. ఆర్ఎక్స్100 ఏడో మోడల్ 200 దాకా పోతుంది, ఎఫ్4.5, కానీ కొత్తది చాలా ఖరీదు.

పలమనేరు కుర్రోడు:
అంగుళం సెన్సార్ కొలిస్తే అంగుళం ఉండదంట కదా?

మదనపల్లి టమాటా:
ఉండదు. 13.2 మి.మీ. వెడల్పు, 8.8 ఎత్తు. పాత టీవీ కెమెరాల గాజు గొట్టం బయటి కొలతని పట్టుకుని ఇప్పటికీ అట్లే పిలుస్తారు.

పలమనేరు కుర్రోడు:
ఎక్స్ అంటే ఎక్స్ కాదు, అంగుళమంటే అంగుళం కాదు. బాగుండాది ఈ వ్యాపారం.

లీలామహల్ సెంటర్:
ఏది కొన్నా సెకండ్ హ్యాండ్ అయితే తెల్ల గోడని ఫుల్ జూమ్‌లో తీసి చూడు. నల్ల చుక్కలుంటే లోపల దుమ్ము. చిన్న కెమెరా లెన్స్ ఊడదు, విప్పించాలంటే మెకానిక్కే గతి. గోడకి పేపరు అతికించి ఎదురుగా నిలబడి తియ్యి, నాలుగు మూలల్లో ఒక మూల అక్షరాలే చెదిరితే లెన్స్ వంకర. బ్యాటరీ ఉబ్బిందేమో చూడు. బిల్లు అడుగు.

తిరుచానూరు రోడ్డు:
డబ్బా ఉంది, బిల్లు లేదు. దుమ్ము లేదు, ఇప్పుడే గోడ తీసి చూసినా.

అలిపిరి మెట్లు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. ఇట్లాంటి చిన్న కెమెరా తిరుమల కొండ మీదికి తీసుకుపోవచ్చా? ఫోనంటే డిపాజిట్ చేయమంటారు, ఇదంత చిన్నది కదా.

పాత రీలు:
చిన్నదైనా పెద్దదైనా గుడి లోపలికి కెమెరా కూడదు, ఫోనూ కూడదు. కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. శిలాతోరణం దగ్గర అందరూ తీసుకుంటారు, అక్కడ తీసుకో. పోతే ఆ శిలాతోరణం ఎర్రటి రాయి సాయంత్రం ఎండలో సీసీడీతో తీస్తే...

మదనపల్లి టమాటా:
మళ్ళీ మొదలు.

తిరుచానూరు రోడ్డు:
సరే, చదివినాను అన్నీ. రేపు పోయి ఇచ్చేస్తా, రిహార్సల్‌కి ఫోనుతోనే తీస్తా ఈసారికి. అమ్మా, ఆ తీర్మానం ముక్కకి థ్యాంక్స్.

జీఆర్ పిచ్చోడు:
జీఆర్ గురించి కూడా ఒకసారి ఆలోచించు బ్రో.

మామిడి తోట, చిత్తూరు:
అన్నా, వాపసు ఇచ్చేముందు నాకొక మాట చెప్పు. నేను తోటలో పగటి పూట కాయ, పూత, పురుగు పట్టిన ఆకు ఫొటోలు తీసి పెట్టుకుంటా, అంతే. ఎండలో నా ఫోను తెర మీద ఏమీ కనిపించదు, చేతులకి మందు ఉంటే తాకుడు తెర పని చెయ్యదు, బటన్లుండే కెమెరా అయితే మేలనుకుంటా ఉండా. 7,500కి ఇస్తావా? చార్జర్ ఉందా?