డెట్రాయిట్ వైపు కొత్తగా వస్తున్నాను, సీనియర్ల రూమ్‌లో చేరొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల మాస్టర్స్‌కి వస్తున్నాను. మా కాలేజీ సీనియర్ల రూమ్‌లో చోటుందట. ఐదుగురూ మా జిల్లా వాళ్లే. చేరిపోవచ్చా?

జవాబు: చేరు తమ్ముడూ. ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్లేవాళ్లు, ఆ రాత్రి వేడిగా పప్పన్నం పెట్టేవాళ్లు ఉండటం చిన్న విషయం కాదు. నాకూ అలాంటి అమ్మాయిల రూమే దొరికింది. ఇప్పటికీ వాళ్లు నాకు అక్కచెల్లెళ్లే.

కానీ ఆ అన్నం తిన్నాక వాళ్ల మాట కాదనడం కష్టం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర, బయట ఎవరికి గంటకెంత క్యాష్ ఇస్తున్నారన్నదే మాట. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లోనే అన్న రూల్ తెలియనిది ఎవరికి? అడిగితే "ఇక్కడ అందరూ చేసేదే" అనేవాళ్లు. ఆ అందరూ అంటే మా రూమూ పక్క రూమూ కలిపి తొమ్మిది మందిమి. అది గమనించడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

ఫార్మింగ్టన్ సంగతి తెలుసుకునే రా. ఇక్కడే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారులే పెట్టిన బోగస్ యూనివర్సిటీ అది. క్లాసుల్లేవు, టీచర్లు లేరు. అయినా వీసా నిలుస్తుందని, పని చేసుకోవచ్చని సుమారు 600 మంది చేరారు, చాలామంది మనవాళ్లు. 2019 జనవరి చివర్లో అరెస్టులు మొదలయ్యాయి. పిల్లల్ని చేర్పించారని కేసు పెట్టిన 8 మందీ మనవాళ్లే. చేరినవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తెలిసిన అన్న చేరాడంటే నేనూ ఇంకేమీ అడగకుండా చేరేదాన్నేమో. తర్వాత లాయర్ల కోసం పరిగెత్తిందీ మన తెలుగు సంఘాలే, అదీ మర్చిపోకు.

అందుకే వంట, అద్దె, కూరగాయలు రూమ్‌లో మాట్లాడుకో. వీసా మాటొస్తే మాత్రం మీ డీఎస్‌ఓకి, అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారికి, మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకో.

ఇంకొకరి జవాబు: అక్క చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. ఈ ఊళ్లో కారు లేకపోతే కాలు కదలదు. కారున్న సీనియర్ ఎప్పుడు బయల్దేరితే అప్పుడే నీ ప్రయాణం, ఎక్కడికి వెళ్తే అక్కడికే. అద్దె కాస్త ఎక్కువైనా క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకో. ముందే ఏడాది లీజు మీద సంతకం పెట్టకు.