ఈ వారం సమస్య: చెప్పు చిరుగ గెలుపు చేతికందె

సభాపతి
శనివారం రాత్రి కామెరాన్ ఇండోర్ స్టేడియంలో రెండు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లు, డర్హమ్‌లోని డ్యూక్ (ముదురు నీలం), చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా (లేత నీలం), మళ్ళీ తలపడుతున్నాయి. కామెరాన్ డ్యూక్ వాళ్ళ సొంతిల్లు. టెన్షన్ తట్టుకోలేక పాత మ్యాచ్‌లు చూస్తూ కూర్చున్నాను. 2019 ఫిబ్రవరి 20 నాటి మ్యాచ్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆట మొదలై నిమిషం కూడా కాలేదు. డ్యూక్ ఆటగాడు జాయన్ విలియమ్సన్ బంతితో మలుపు తిరగబోయాడు, ఎడమ కాలి బూటు అడుగు ఊడి పాదం బయటికొచ్చింది, కుడి మోకాలు బెణికింది. ముందు వరుసల్లో కూర్చున్న ఒబామా కూడా వేలు చూపిస్తూ పక్కవాళ్ళకు చెబుతున్నాడు. అది చూస్తుండగానే ఈ పద్యపాదం నోటికొచ్చేసింది.

*చెప్పు చిరుగ గెలుపు చేతికందె*

ఏ ఏడాది మ్యాచ్ అయినా ఫరవాలేదు. బాస్కెట్‌బాల్ దాటి మాత్రం పోవద్దు.

కొత్తగూడెం కుర్రాడు
చాపెల్ హిల్‌లో చేరి ఇంకా ఏడాది కాలేదు. పెద్దలు దిద్దాలి.

ఆట మొదలు కాగ నడుగులో జాయను
బూటు విచ్చిపోయె బొబ్బలిడగ
పరుల యింటిలోన పదునాఱు తేడాతొ
చెప్పు చిరుగ గెలుపు చేతికందె

88-72 కదా, అందుకే పదహారు.

ముదురు నీలం
లెక్క సరే తమ్ముడూ, ఆ "తేడాతొ" ఏమిటి? "తో"ని ఎవరు కురచ చేశారు? గణం కోసం విభక్తిని కత్తిరిస్తే ఇక వ్యాకరణం ఎందుకు? చాపెల్ హిల్ వాళ్ళ పూరణల్లో ఎప్పుడూ ఇదే జబ్బు.

లేత నీలం
కుర్రాడి మొదటి పూరణ మీద ఇంత విరుచుకుపడాలా? గతేడాది "మళ్ళీ"ని "మళ్ళి" చేసి, అది గ్రామ్యం కాదని మూడు రోజులు వాదించింది మీరే. అప్పుడు మాస్టారు చెప్పినా వినలేదు.

గోదావరి మాస్టారు
నాయనా, ముందు పద్యం చూద్దాం. ధార బాగుంది. "ఆట మొదలు కాగ నడుగులో" అన్న ఎత్తుగడ చక్కగా కుదిరింది. "తొ" మాత్రం దోషమే, పద్యంలో పెట్టుకోకూడదు. "పదునాఱు మిగులగ" అని చూడు. గణం సరిపోతుంది, పదహారు పైన మిగిలాయన్న అర్థమూ పోదు. ఆట గురించి నాకు తెలిసింది బుట్టలో బంతి వేయడం వరకే. అయినా పరాయి ఇంట్లో గెలిచారన్న మాట నాకు బాగా నచ్చింది.

కొత్తగూడెం కుర్రాడు
"మిగులగ" తీసుకున్నాను మాస్టారూ, ధన్యవాదాలు.

లేత నీలం
నా అభ్యంతరం సమస్య మీదే. సభాపతి గారూ, "చిరుగ" అనేసరికి బూటు చిరగడం వల్లే మేం గెలిచామని అర్థం వస్తోంది. ఆ రాత్రి మా ల్యూక్ మే 30 పాయింట్లు వేశాడు, 15 రీబౌండ్లు పట్టాడు. కామ్ జాన్సన్ 26 వేశాడు. బుట్ట కింద వేసిన పాయింట్లు మావి 62, వాళ్ళవి 28. అప్పుడు నంబర్ వన్ ర్యాంకు వాళ్ళది, మాది ఎనిమిది. ఇంత చేసినా జనానికి గుర్తున్నది బూటు ఒక్కటే.

సభాపతి
"చిరుగ" అంటే చిరిగినందువల్ల అని మాత్రమే కాదు, చిరుగుతుండగా అనీ తీసుకోవచ్చు. తోవ వదిలే ఇచ్చాను, ఎటు తిప్పుకుంటారో మీ ఇష్టం.

ముదురు నీలం
సమస్యలో తప్పేమీ లేదు, ఉన్న నిజమే చెబుతోంది. ఆ సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లు రెండూ మీరే గెలిచారు, మొదటి దాంట్లో జాయన్ నిమిషం లోపే వెళ్ళిపోయాడు, రెండో దాంట్లో అసలు లేడు. మార్చి 15న షార్లట్‌లో మన లీగ్ ఏసీసీ టోర్నమెంట్ సెమీఫైనల్‌కు వచ్చాడు, 31 పాయింట్లు వేశాడు, 74-73తో మేం గెలిచాం. ఆడినది కొత్త బూటుతో, నైకీ వాళ్ళు గట్టిగా చేయించి పంపిన బూటుతో. ఇదిగో నా పూరణ:

నెలయు నిండకుండ నిలిచెను జాయను
కొత్త బూటు తొడిగి కోర్టులోన
ఒక్క యంకె తోడ నొడ్డెక్కె మా జట్టు
చెప్పు చిరుగ గెలుపు చేతికందె

కేరీ బాబాయ్
"ఒడ్డెక్కె" అన్నది భలే పడింది. ఆ రాత్రి ఆఖరి నిమిషంలో డ్యూక్ వాళ్ళకు ఒడ్డు కనిపించింది నిజంగానే ఒక్క పాయింటు దూరంలో.

లేత నీలం
పద్యం నడక బాగుంది, అది కాదనను. కానీ గెలిపించింది చిరగని బూటు. చిరిగిన బూటుకూ షార్లట్ గెలుపుకూ ముడి ఏది? మూడు పాదాలు కొత్త బూటు కథ చెప్పి, నాలుగో పాదంలో పాత బూటు తెచ్చి పెట్టారు.

గోదావరి మాస్టారు
ఈ ఆక్షేపణ సరైనదే. చిరిగింది కాబట్టి కొత్తది వచ్చింది, కొత్తది వచ్చింది కాబట్టి గెలుపు వచ్చింది. ఆ మధ్య మెట్టు పద్యంలో లేదు, చదివేవాడే వేసుకోవాలి. యతులు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ముదురు నీలం
మధ్య మెట్టు చదివేవాడికి వదిలిపెట్టడం కూడా కవిత్వమే మాస్టారూ. అన్నీ చెప్పేస్తే అది వార్త అవుతుంది. పోయినసారి "నీలమే గెల్చె పోరున నీలమోడె" సమస్యకు లేత నీలం గారి పూరణను ఆకాశానికెత్తారు గదా, అందులో ఏ కొలువో చెప్పనే లేదు. అప్పుడెవరూ అడగలేదు.

సభాపతి
కొత్తవాళ్ళ కోసం ఆ పద్యం మళ్ళీ పెడుతున్నాను.

గురువు కడసారి నిలిచిన కొలువులోన
అంకె నాలుగే తేడాగ నంతమాయె
ఆకసపు రంగు దుస్తుల యాట మెఱసె
నీలమే గెల్చె పోరున నీలమోడె

ముదురు నీలం
చూశారా? మా కోచ్ కె, అదే మైక్ షషెఫ్‌స్కీ, కామెరాన్‌లో చివరిసారి నిలిచింది 2022 మార్చి 5న. ఆ రోజూ మీ చేతిలోనే ఓడాం, 94-81. మీ పద్యంలోని న్యూ ఆర్లీన్స్ మ్యాచ్ ఏప్రిల్ 2న జరిగింది. "కడసారి నిలిచిన కొలువు" అంటే మాకు, డర్హమ్‌లో ఉన్నవాళ్ళకు, మొదట కామెరానే గుర్తొస్తుంది. ఆయన 1980 నుంచి నిలబడ్డ చోటు అది.

లేత నీలం
నాలుగు తేడా అని రెండో పాదంలోనే చెప్పాను. 94-81కి తేడా పదమూడు. 81-77కి నాలుగు. దేశంలోని కాలేజీ జట్లు ఆడే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఈ రెండు జట్లు ఎదురుపడడం అదే మొదలు, ఆయన కోచ్‌గా చేసిన ఆఖరి మ్యాచ్ కూడా అదే. ఇంకెలా చెప్పాలి? ఇంకొకటి. ఆ పద్యంలో ఆయన్ని "గురువు" అన్నాను. మీ కోచ్‌ను గురువు అన్న చాపెల్ హిల్ అభిమానిని ఇంకొకరిని చూపించండి.

ముదురు నీలం
ఆ మాట ఒప్పుకుంటాను. ఆ పద్యం వచ్చిన రోజు చదివి చాలాసేపు ఊరుకున్నాను. 1202 గెలుపులున్న మనిషికి ఆ మాట తగినదే. బాగుందని అప్పుడే అని ఉండాల్సింది. కొలువు సంగతి మాత్రం వదలను.

కేరీ బాబాయ్
ఒరేయ్ పిల్లలూ, బూటు చిరిగితే చెప్పు చిరిగిందని ఎలా అంటార్రా? నా పూరణలో చిరిగింది అసలైన చెప్పు. 2022 ఏప్రిల్ 2 రాత్రి, కేరీలో మా ఇంట్లో, పది పదిహేనుమంది ఉన్నాం. సగం మంది డ్యూక్, సగం మంది కరోలినా, మా ఇంట్లో ఎప్పుడూ అంతే. ఆఖరి అర నిమిషంలో కరోలినా కుర్రాడు కేలెబ్ లవ్ మూడు పాయింట్లది వేశాడు.

లవ్వు మూడు వేయ లంఘించితిని నేను
కుర్చి మీదనుండి కూత బెట్టి
నేల దాకినంత నెనుబది యొక్కటి
చెప్పు చిరుగ గెలుపు చేతికందె

ఎర్రతోట
బాబాయ్, ఆ రాత్రి ఆ చెప్పు బొటనవేలి పట్టీ తెగి టీవీ కిందికి పోయింది, తీసిచ్చింది నేనే. ఈ వరుసలో కళ్ళారా చూసి రాసిన పద్యం ఇదొక్కటే.

ముదురు నీలం
లవ్ ఆ మూడు వేసినప్పుడు స్కోరు 78-74 బాబాయ్. 81 ఆ తర్వాత మాట. మీరు నేల తాకేలోపు ఎనభై ఒకటి ఎలా వచ్చింది? ఆ అంకె నాకు నిద్రలో లేపినా గుర్తుంటుంది.

గోదావరి మాస్టారు
అంకె సంగతి మీరు చూసుకోండి, నాకు కనిపించింది యతి. "నంతన్ + ఎనుబది" కాబట్టి ఆ నకారం ద్రుతానిది, అచ్చు ఎకారం. యతి అచ్చుకే చెల్లాలి. "నేల"లోని "నే"తో అది కలవదు. చెవికి కలిసినట్టు వినిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే జారతారు.

కేరీ బాబాయ్
ఒక్క పాదంలో అంకె, యతి రెండూ పోయాయన్నమాట. మూడో పాదం మారుస్తున్నాను:

ఎగిరి దిగినయంత నెడము నాలుగు గాగ

ఆ మూడుతో తేడా నాలుగు అయింది, ఆట ముగిసినప్పుడూ నాలుగే.

గోదావరి మాస్టారు
ఇప్పుడు నిలబడింది. "ఎగిరి దిగినయంత" అనడంతో మొదటి పాదంలోని దూకుడుకు ముగింపు కూడా దొరికింది. మొదటి దానికన్నా ఇది మంచి పాదం.

లేత నీలం
బాబాయ్, ఆ మూడు పడ్డాక చాపెల్ హిల్‌లో ఫ్రాంక్లిన్ వీధి నిండిపోయింది. అందరూ పరుగే. అక్కడ ఎన్ని చెప్పులు తెగాయో.

ఎర్రతోట
మీ రెండు నీలాల మధ్య ఎర్రచొక్కా వాళ్ళు ఉన్నారని ఎవరికీ గుర్తుండదు. నేను ఎన్‌సీ స్టేట్ చదువు, రాలీ ఇల్లు. గెలిచిన జట్టు నిచ్చెన ఎక్కి బుట్ట వల కోసుకునే ఆచారాన్ని కాలేజీ ఆటలోకి తెచ్చింది మా కోచ్ ఎవరెట్ కేస్. 1947లో సదరన్ కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచినప్పుడు మొదలుపెట్టాడు. ఇప్పుడు మీ రెండు ఊళ్ళ వాళ్ళూ కోస్తున్నది ఆ అలవాటు ప్రకారమే. నా పూరణ:

నిచ్చెన పయి కెక్కి నిలిచి కత్తెర పట్టి
వలను కోసి త్రాడు వారు పంచ
ఎఱుక గలుగు చెలిని నిటులడిగితి నేది
చెప్పు చిరుగ గెలుపు చేతికందె

కొత్తగూడెం కుర్రాడు
అక్కా! "ఏది, చెప్పు, చిరుగ గెలుపు చేతికందె?" అనా? రెండుసార్లు చదివితే గానీ తెలియలేదు. బూటే లేకుండా చేసేశారు.

సభాపతి
నేను పాదం ఇచ్చినప్పుడు ఈ విరుపు నా ఊహలో లేదు. సమస్య ఇచ్చినవాడికి ఇంతకన్నా సంతోషం ఉండదు.

ముదురు నీలం
విరుపు అద్భుతం. ఒక్క సందేహం. గెలిచాక వల కోస్తారు గానీ, వల కోశాక గెలవరు. క్రమం తిరగబడలేదా?

ఎర్రతోట
గెలుపు స్కోరుబోర్డు మీదికి ముందే వస్తుంది, నిజమే. చేతికందేది మాత్రం ఆ తాడు ముక్క వచ్చినప్పుడే. నిచ్చెన మీద ఒక్కొక్కరూ ఒక్కొక్క పోగు కోసుకుని, చెవి వెనకో టోపీలోనో పెట్టుకుని దిగుతారు. ఆ పోగునే గెలుపు అన్నాను.

గోదావరి మాస్టారు
సమాధానం నిలిచింది. కత్తెరతో కోసినదాన్ని "చిరుగ" అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. కానీ అడిగింది ప్రశ్న రూపంలో, అవతల చెలి ఇంకా జవాబు చెప్పలేదు కాబట్టి ఆ మాట చెల్లుతుంది. అవధానంలో ఈ విరుపు పడి ఉంటే పృచ్ఛకుడు లేచి నిలబడేవాడమ్మా.

లేత నీలం
ఇక నాది. సమస్య మీద నా అభ్యంతరాన్నే పద్యం చేశాను.

మేయి ముప్పది గొని మెఱసిన రాతిరి
చెమట చుక్క విలువ చెఱిపి వేసి
పలుక బోకు డిట్లు పరుల గెల్పును జూచి
"చెప్పు చిరుగ గెలుపు చేతికందె"

గోదావరి మాస్టారు
సమస్యను ఎదుటివాడి నోట పెట్టి, అలా అనవద్దన్నావు. పాత ఎత్తే గానీ, ఇక్కడ దానికి పని ఉంది. నీ మనసులో ఉన్న బాధే పద్యం అయింది. "చెమట చుక్క విలువ చెఱిపి వేసి" పాదం ఒక్కటి చాలు.

కొత్తగూడెం కుర్రాడు
నా పూరణ ఆ నిందలోకే వస్తుందేమో అన్నా. ఈసారి మే పేరుతోనే రాస్తాను.

ముదురు నీలం
పద్యానికి నమస్కారం. రెండో పాదం చదివాక ఎదురు రాయాలనిపించలేదు. వాదన మాత్రం ఒప్పుకోను. జాయన్ మోకాలు బాగుంటే బుట్ట కింద మీకు 62 వచ్చేవి కావు. అక్కడ కాపలా ఉండేది అతనే.

లేత నీలం
ఆ రాత్రి మీ బారెట్ 33 వేశాడు, రెడిష్ 27 వేశాడు. బయటి నుంచి వేసిన మూళ్ళలో మీకు 39కి ఎనిమిదే పడ్డాయి. ఆ ముప్పై ఒక్కటి తప్పింది ఎవరి బూటు వల్ల?

ముదురు నీలం
లోపల బంతి అందుకునే జాయన్ లేకనే అన్ని బయటి నుంచి వేయాల్సి వచ్చింది. శనివారం మ్యాచ్ అయ్యాక ఇక్కడే కలుద్దాం. ఓడినవాళ్ళు పాదం ఇవ్వాలి, గెలిచినవాళ్ళు మొదటి పూరణ రాయాలి. సభాపతి గారూ, సరేనా?

సభాపతి
సరే. ఎర్రతోట అక్క ఎవరి పక్షమూ కాదు కాబట్టి తూకం ఆవిడది. యతి మాస్టారిది.