కనురెప్పల పసుపు వాపు, ఆస్తమా: రెండూ ఒకే వ్యాధి కావచ్చా?

ప్రశ్న:
మా నాన్నగారికి యాభై దాటాక మొదటిసారి ఆస్తమా వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో రెండు కళ్ల పైరెప్పలూ పసుపురంగుకు తిరిగి, గట్టిపడి ఉబ్బాయి. కొలెస్ట్రాల్ మచ్చలని ముందు అన్నారు గానీ, రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది. బయాప్సీ నివేదికలో ‘జాంథోగ్రాన్యులోమా’ (కొవ్వు నిండిన కణాలు పోగుపడిన వాపు) అని మాత్రమే ఉంది. దీంతో రోగనిర్ధారణ పూర్తయినట్టేనా?

జవాబు (కంటి వైద్యుడు):
కాలేదండి. కొలెస్ట్రాల్ మచ్చలు చర్మంలో పలచగా పరచుకుంటాయే తప్ప రెప్పను గట్టిపరచి ఉబ్బించవు. పైగా కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నవారికీ అవి వస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షతో ఏమీ తేలదు. పెద్దవారి కంటిగూట్లో జాంథోగ్రాన్యులోమా నాలుగు రకాలు: కంటికే పరిమితమయ్యేది, ఆస్తమాతో కలిసి వచ్చేది, కణజాలం క్షీణించే నెక్రోబయోటిక్ రకం, 1930లో తొలిసారి వర్ణించిన, ఎముకలకూ ఇతర అవయవాలకూ పాకగల ఎర్డ్‌హైమ్–చెస్టర్ వ్యాధి. అన్నింటిలోనూ కొవ్వు నిండిన నురగకణాలు కనిపిస్తాయి, టూటన్ మహాకణాలూ (కేంద్రకాలు వలయంగా అమరిన పెద్ద కణాలు) తరచుగా ఉంటాయి. అందుకే స్లైడు ఒక్కటే చూసి రకం చెప్పడం కష్టం. మీరు చెప్పినదాన్నిబట్టి నా అనుమానం రెండో రకం మీదే. ఆస్తమా సంగతి పాథాలజిస్టుకు ఎవరైనా చెప్పారా?

ప్రశ్న అడిగినవారు:
లేదండి. పంపిన కాగితంలో ‘రెప్పల వాపు’ అని మాత్రమే ఉంది.

జవాబు (పాథాలజిస్టు):
అయితే ఆసుపత్రి నుంచి స్లైడ్లతోపాటు బయాప్సీ ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకుని, ఆస్తమా వివరం రాసి పునఃపరిశీలనకు పంపండి. కణాల రకాన్ని గుర్తుపట్టే ప్రోటీన్ల పరీక్షల్లో అవి సీడీ68కి పాజిటివ్, సీడీ1ఏకి నెగెటివ్ అయితే లాంగర్‌హాన్స్ రకం (ఇలాంటి కణాలే పోగుపడే మరో వ్యాధి) పక్కకు పోతుంది. ఎస్100 అనే మరో గుర్తు ప్రోటీన్ పాజిటివ్ అయి, హిస్టియోసైట్ల (కణజాలంలోని రోగనిరోధక కణాల) లోపల చెక్కుచెదరని లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) కనిపిస్తే, ఈ కణాలే పోగుపడే రోజాయ్–డార్ఫ్‌మన్ వ్యాధిని తలచుకోవాలి. ఆస్తమాతో వచ్చే రకంలో ఐజీజీ4 అనే యాంటీబాడీని తయారుచేసే ప్లాస్మాకణాలు ఎక్కువగా ఉండవచ్చు. ఆ లెక్క ఒక్కటే చూసి ఐజీజీ4 వ్యాధి (ఆ కణాలు చేరి అవయవాలు వాచే వేరే జబ్బు) అని ముద్ర వేయడం తొందరపాటని నా అభిప్రాయం. బీరాఫ్ అనే జన్యువులో వచ్చే వీ600ఈ మార్పు కోసం కూడా పరీక్షించమనండి. ఎర్డ్‌హైమ్–చెస్టర్ రోగుల్లో సగం మందికి పైగా అది ఉంటుంది.

జవాబు (రక్తవ్యాధుల వైద్యురాలు):
రెండు పరీక్షలు చేర్చాలి. నెక్రోబయోటిక్ రకంలో తరచుగా రక్తంలో పారాప్రోటీన్ (ఒకే రకం అసాధారణ యాంటీబాడీ) ఉంటుంది కనుక, రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ ఒకటి. రెండోది వ్యాధి చురుగ్గా ఉన్న చోట్లను చూపే పెట్-సీటీ స్కాన్: మామూలుగా తొడల మధ్యవరకే తీస్తారు, కానీ ఎర్డ్‌హైమ్–చెస్టర్ జాడ మోకాళ్ల చుట్టూ ఉన్న ఎముకల్లో దొరుకుతుంది కాబట్టి పాదాలదాకా తీయమని ముందే చెప్పండి. ఈ తేడా చికిత్సను మారుస్తుంది: బీరాఫ్ మార్పు ఉన్న ఎర్డ్‌హైమ్–చెస్టర్‌కు 2017లో అమెరికా వెమురాఫెనిబ్ అనే మందును ఆమోదించింది, ఆస్తమాతో వచ్చే రకానికి సాధారణంగా స్టెరాయిడ్లు, రోగనిరోధకశక్తిని అణచే మందులు వాడతారు. నాన్నగారు ఆస్తమాకు స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే రెప్పల వాపు తాత్కాలికంగా తగ్గి ఉండవచ్చు. ఆ వివరమూ డాక్టరుగారికి చెప్పండి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపవద్దు.